ఆరడుగులకే తగిలిన రాయి

1957 ఏప్రిల్ 9, మార్కాపురం

కంట్రాక్టు నాకే వచ్చింది. కొమరోలు దారిలో ఎద్దులవాగు మీద మూడు రాతి స్తంభాల వంతెన. కాగితంలో నా పేరు ఇంగ్లీషులో చూసుకుంటే ఎవరో పెద్దమనిషి అనిపించింది. నిన్నటిదాకా నేను పలకల దుకాణం నాగభూషణాన్నే.

నాయన మొహం ముడుచుకున్నాడు. "పలక పగిలితే ఇంకో పలక ఇస్తాము. వంతెన పగిలితే ఏమిస్తావురా?" అన్నాడు. మహాలక్ష్మి మాత్రం, "దుకాణంలో కూచుంటే ఈయన కాళ్లకు చీమలు పాకుతాయి మామా, పోనీయండి," అంది. పన్నెండేళ్ల కాపురంలో నన్ను బాగానే చదివింది.

అగ్రిమెంటులో ముప్పై ఒక్క షరతులున్నాయి. డిక్షనరీ దగ్గర పెట్టుకొని అన్నీ చదివాను. చదివేకొద్దీ సరదా పుట్టింది. ప్రతి షరతు వెనకా ఎక్కడో ఎవడో చెయ్యి కాల్చుకొని ఉంటాడు. 'వరదకు ఇసుక కొట్టుకుపోయిన యెడల నష్టము కంట్రాక్టరుదే' అని ఉందంటే, ఏదో ఊళ్లో ఇసుక పోయింది, ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఆ ఇద్దరూ ఎవరో తెలుసుకోవాలని ఉంది.

ఈ డైరీ చివరి పేజీలో నిలువుగా గీత గీశాను. ఎడమపక్క చెడిపోగలిగినవి, కుడిపక్క ఆ బరువు ఎవరిది. వాన నాది. సిమెంటు ఆలస్యం సర్కారుది. స్తంభాల కొలతలు సర్కారువి. పునాది రాయి ఎంత లోతులో ఉన్నా ఆ బరువు నాది. ఇదొక్కటే నచ్చలేదు. భూమిలో ఉన్న రాయి సంగతి నాకెట్లా తెలుస్తుంది?

ఏప్రిల్ 15, ఎద్దులవాగు

తవ్వకం దేవదానానికి ఇచ్చాను. బేస్తవారిపేట పక్క పల్లె మనిషి. వయసు యాభై దాటింది. పన్నెండు ఇళ్ల వాళ్లు అతని చెయ్యి కింద పనిచేస్తారు. భార్య సంతోషమ్మ మన్ను మోసే ఆడవాళ్లకు పెద్ద. ఆదివారం చర్చి, ఆ రోజు పార ముట్టరు.

మన పక్క బావి తవ్వకాలన్నీ గుత్తకే. రాయి తగిలేదాకా తవ్వడానికి ఇంత అని ఒకటే మాట. రాయి తొందరగా తగిలితే తవ్వేవాడి అదృష్టం, లేకపోతే అతని ఖర్మ. నేనూ అదే పద్ధతి అన్నాను.

"లోతెంతయ్యా?" అన్నాడు.

"రాయి తగిలేదాకా."

"రాయి ఎంత లోతులో ఉండాదో?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలవదు గదయ్యా," అని నవ్వినాడు. "బావి అయితే పక్కబావిని జూసి చెప్తాము. వాగు సంగతి వేరే."

కానీ ఈ ఎండాకాలం వాళ్లకు ఇంకో పని లేదు. బయానా కింద రెండు బస్తాల జొన్నలు తీసుకొని వేలిముద్ర వేశాడు. కాగితం నేనే రాశాను: 'గట్టి రాయి తగిలేవరకు తవ్వుట దేవదానం పూచీ. తేడా వచ్చిన అతడే జవాబుదారీ.' 'జవాబుదారీ' అనే మాట రాసేటప్పుడు కలం చక్కగా నడిచింది.

చివరి పేజీలో నా పేరు కొట్టేసి 'దేవదానం' అని రాశాను. సర్కారు నా నెత్తిన పెట్టింది, నేను దించుకున్నాను. ఇంత తేలికా అని ఆశ్చర్యంగా ఉంది.

ఏప్రిల్ 27

మొదటి గుంటలో ఆరడుగులకు రాయి! నేనే గడ్డపారతో పొడిచి చూశాను. ఖంగున మోగింది. మా దుకాణంలో మొదటిరకం పలకను వేళ్ల మీద ఎత్తిపట్టుకొని గోటితో మీటితే అచ్చం ఇట్లాగే మోగుతుంది. చిన్నప్పటి నుంచి ఈ చెవులతోనే పలకలు ఏరాను. రాయి సంగతి మార్కాపురం వాడికి ఒకడు చెప్పాలా?

"మోగింది కదా దేవదానం?" అన్నాను.

"మోగిందయ్యా."

ఓవర్‌సీర్ కోటేశ్వరరావు గారు కూడా పొడిచి చూసి రిజిస్టరులో రాశారు. ఆయనది బాపట్ల వైపు. "మీ దేశంలో ఎక్కడ పొడిచినా రాయేనండీ, అదృష్టవంతులు," అన్నారు. టెంకాయ కొట్టాను. దేవదానం వాళ్లు ఒక పక్కన నిలబడి ప్రార్థన చేసుకున్నారు.

మే 1

రెండో గుంట. ఆరడుగులు.

మే 4

మూడోది ఆరుంబావు. ఎంత బుద్ధిమంతమైన రాయి! మూడు గుంటల్లోనూ గీత గీసినట్టు ఒకే లోతున పడుకుంది.

మొదటి గుంటలో రాతికట్టడం మొదలుపెట్టించాను. ఇంజనీరు గారు గిద్దలూరు నుంచి జీపులో వచ్చి పైనుంచి చూసి సంతకం పెట్టి వెళ్లారు. ఆయన దిగలేదు. తెల్ల ప్యాంటు.

మే 12

మజ్జిగ కోసం ఒడ్డున రంగయ్య మామ తోటకు పోయాను. బావిలోకి తొంగి చూస్తే గోడ మీద పొరలు వరసగా కనిపించాయి. పైన నల్లమన్ను, ఆ కింద తెల్లగా సన్నటి గీత, ఆ కింద పచ్చని బంకమన్ను చాలాదూరం. రాయి ఎక్కడో అడుగున ఉంది.

"మామా, నీ బావికి రాయి ఎన్నడుగులకు తగిలింది?"

"పదమూడు."

"వాగులో ఆరడుగులకే తగిలింది."

"నూరు గజాలు లేదు గదా అల్లుడా! వాగు నిన్ను జూసి పైకెగదన్నిందేమో," అని పడిపడి నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు: "గట్టిగ కట్టు నాయనా. పోయిన ఏడు వినాయకచవితి కాడ బండి పోయింది ఆ వాగులో. ఎద్దుల్ని దొరకబట్టినాము. తోలేటోణ్ణి దొరకబట్టలేకపోయినాము."

రాయి ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. ఎగుడుదిగుడుగానే ఉంటుంది. అయితే మరి మూడు గుంటల్లో ఒకే లోతున ఎందుకుంది? ఆ తెల్లగీత ఏంది?

మే 14, మార్కాపురం

ఆ ప్రశ్న తొలుస్తూనే ఉంది. దుకాణం వెనక పెరట్లో తడి ఇసుక పోసి, దాని మీద మొదటిరకం పలక పరిచి కొట్టాను. చప్పుడు లేదు, మొద్దుగా 'దబ్' అంది. అదే పలకను రెండు కట్టెముక్కల మీద పెట్టి కొట్టాను. ఖంగుమంది. మళ్లీ ఇసుక మీద పెడితే దబ్. మళ్లీ కట్టెల మీద పెడితే ఖంగు. ఇరవైసార్లు కొట్టి ఉంటాను.

నాయన వచ్చి చూశాడు. "ఏందిరా ఈ వాయిద్యం?"

చెప్పాను. పలకను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "కింద ఆదరువు లేకుంటేనే మోగుతాదిరా. పలకను మనం ఎత్తిపట్టుకొని జూస్తాము గదా. నేల రాయిని ఎవడెత్తి పట్టుకున్నాడు?" అన్నాడు.

నలభై ఏళ్లుగా పలక మోత వింటున్న కుటుంబం మాది. పలక ఎందుకు మోగుతుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సిగ్గువేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుకంటే సంతోషమే ముందు వచ్చింది, తెలిసింది కదా అని. ఆ తర్వాత గుంటలు గుర్తొచ్చాయి.

మే 16, ఎద్దులవాగు

దేవదానాన్ని పక్కకు పిలిచి అడిగాను. మాటకు మాట రాసుకుంటున్నాను.

"ఆ రాయి కింద ఏముంది?"

"మన్ను."

"నీకు తెలుసా?"

"తెలుసు. గడ్డపార మోతలోనే తెలుస్తాది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు మోగిందా అని అడిగినారు. మోగిందంటి. కింద ఏముందని అడిగింటే చెప్పేవాణ్ణి."

నాకు ఒళ్లు మండింది. వెధవా, దొంగా అన్నాను. తలవంచుకొని విన్నాడు. సంతోషమ్మ మన్నుతట్ట కింద పెట్టి మా మధ్యకు వచ్చింది.

"ఆయన్నేమీ అనగాకండయ్యా. ఆరడుగుల కాడికే మీ జొన్నలు అయిపోయినాయి. ఆ పైన తవ్వేదంతా మా పిల్లోళ్ల కడుపు తవ్వుకునేదే. రాయి తగిలిందంటే మీకూ సంబరమాయె, మాకూ పొయ్యి వెలిగె."

దేవదానం అప్పుడు తలెత్తాడు. "ఇప్పుడు చెప్తాండానయ్యా. మూడు గుంటలూ నిలవవు. కట్టడం ఆపించండి."

ఆరడుగులకు రాయిని తెచ్చింది భూమి కాదు, నేను రాసిన కాగితమే.

మే 17

పని జరిగింది. మొదటి స్తంభం నడుమెత్తు లేచింది.

మే 20

కట్టడం మొదలుపెట్టని రెండో గుంటలో నలుగురితో పొడిపించాను. జానెడు మందం సుద్దరాయి పొర. విరగ్గానే కింద వేలెడు ఖాళీ, ఆ కింద పచ్చని బంకమన్ను, వేలితో గుచ్చితే దిగింది. రంగయ్య మామ బావిలో చూసిన తెల్లగీత ఇదే. ముద్ద తీసి వాసన చూశాను, చెరువు అడుగు వాసన. ఎన్నాళ్ల కిందటి చెరువో!

మే 21

కొత్త మాట. ఆరడుగుల దాకా పాత గుత్త, ఆ కింద ఎంత లోతైనా రోజుకూలి. దేవదానం నన్ను వింతగా చూశాడు. "రాయి రాకపోతే?" అన్నాడు. రాకపోతే నాదే అన్నాను. చివరి పేజీలో అతని పేరు కొట్టేసి మళ్లీ నా పేరు రాశాను. వేలిముద్ర కాగితం మాత్రం చింపలేదు. ఎందుకు చింపలేదో తెలియదు. పెట్టెలో అడుగున ఉంది.

మే 30

పది అడుగులు. రాయి లేదు.

జూన్ 3

పదకొండున్నర. గుత్తకు పరిగెత్తుకొచ్చిన రాయి రోజుకూలికి పారిపోతోంది! నాకు అనుమానం పుట్టింది. పుట్టదా మరి? నిన్న తొందరగా ఆపితే వాళ్లకు లాభం, నేడు ఆలస్యంగా ఆపితే లాభం. మనిషిని కాగితంతో ఎటు తిప్పితే అటు తిరుగుతాడా? ఎటు తిప్పినా నిజం చెప్పే కాగితం ఎట్లా ఉంటుందో?

జూన్ 8

పదమూడు అడుగులు. పొద్దున్నే దేవదానం కేకేశాడు. "ఇదే రాయి!"

"నిజమేనా? మోగలేదే?"

"దిగి జూడండయ్యా."

చెప్పులు విడిచి తాడు పట్టుకొని దిగాను. మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ గుంటలోకి దిగలేదు. అడుగున చల్లగా ఉంది, గోడల నుంచి నీరు ఊరుతోంది. గడ్డపార ఎత్తి కొడితే 'దబ్' అని చేతులు భుజాల దాకా జివ్వుమన్నాయి. ఇంకోచోట కొట్టాను. నాలుగు మూలలూ కొట్టాను. అంతా దబ్.

ఇంకో రెండు రోజులు తవ్వుతున్నామని చెప్పినా నాకు తెలిసేది కాదు. అతను ఆ రోజే చెప్పాడు. ఏ షరతు వల్ల చెప్పాడో నా లెక్కకు అందలేదు. పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు, అంతే.

జూన్ 17

మూడో గుంటలోనూ పదమూడుకు దొరికింది. దేవదానం, "మొదటిదీ విప్పుదామయ్యా. ఇరవై దినాల పని. వానలకు ముందే అయిపోతాది," అన్నాడు.

మొదటి స్తంభం ఇప్పుడు నా తలకంటే ఎత్తుంది. ఓవర్‌సీర్ గారితో మాట్లాడాను. ఆయన సైకిలు స్టాండు వేయడం కూడా మరిచిపోయారు.

"గట్టి రాయని నేను రాశాను, ఇంజనీరు గారు సంతకం చేశారు. ఇప్పుడు విప్పితే మేమిద్దరం అబద్ధం రాసినట్లు అవుతుంది కదండీ! మిగతా రెండూ రాయి మీద కూర్చుంటాయి. ఈ ఒక్కటీ దానంతటదే సర్దుకుంటుంది. గడువు చూసుకోండి."

స్తంభాలకు గడువు ఆగస్టు ఆఖరు. దాటితే కంట్రాక్టు రద్దు, మళ్లీ ఏ పనీ ఇవ్వరు. ఇరవై ఏడో షరతు.

మూడింట్లో రెండు గట్టివే.

జూన్ 18

దేవదానం మళ్లీ అడిగాడు. చూద్దాం అన్నాను. మొదటి గుంట అసలు కొంచెం ఒడ్డువైపు ఉంది. నీటి ఉరవడి అక్కడ తక్కువ.

జూలై 6

మూడింట్లో రెండు గట్టివే.

జూలై 20

దేవదానం వాళ్లు పని ముగించి వెళ్లిపోయారు. పోతూ పోతూ మొదటి స్తంభం మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. నేను అటు చూడలేదు.

ఆగస్టు 29

మూడు స్తంభాలూ లేచాయి. పైన దారి వేసేది వానలు పోయాక. ఇంజనీరు గారు భేష్ అన్నారు. పైనుంచే చూశారు. చివరి పేజీలో 'మొదటి గుంట' అని రాశాను. కుడిపక్క ఎవరి పేరూ రాయలేదు.

సెప్టెంబరు 18

రాత్రంతా వాన. వాగు వస్తోందని రంగయ్య మామ కబురు పంపాడు.

సెప్టెంబరు 19

రెండూ మూడూ నిటారుగా నిలబడ్డాయి. మొదటిది మూరెడు వంగింది. పైన దారి ఇంకా వేయలేదు, మీద మనుషులెవరూ లేరు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

సెప్టెంబరు 23

విచారణ వాగు ఒడ్డునే జరిగింది. ఇంజనీరు గారు నా కాగితాలన్నీ అడిగారు. పెట్టె ఓవర్‌సీర్ గారే తెరిచారు. అడుగున ఉన్న వేలిముద్ర కాగితం చూడగానే ఆయన మొహంలోకి కళ వచ్చింది.

"ఉందిగా! 'తేడా వచ్చిన అతడే జవాబుదారీ.' మనం బతికామండీ నాగభూషణం గారూ."

దేవదానాన్ని పిలిపించారు. తువ్వాలు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"ఈ ముద్ర నీదేనా?" అన్నారు ఇంజనీరు గారు.

"నాదేనయ్యా."

"మొదటి గుంట తవ్వింది నువ్వేనా?"

"నేనే."

అతను నా వైపు ఒక్కసారి చూశాడు. మే నెలలోనే చెప్పినానని అనలేదు. నేనూ అనలేదు.

రేపు గిద్దలూరు ఆఫీసులో నేను వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి. తవ్వకందారు మోసం చేశాడు, నాకు తెలియదు అని. పెడితే స్తంభం విప్పి కట్టుకోవడానికి నాకు గడువిస్తారు. దేవదానం మీద పోలీసు కేసు. అతని ముఠాను జిల్లాలో ఏ సర్కారు పనిలోనూ పెట్టుకోరాదని ఉత్తర్వు. అంటే పన్నెండు ఇళ్లు.

అందరూ పోయాక అతని వెనక నడిచాను.

"నాతో చెప్పినట్టు వాళ్లతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు లేదంటారేమోనని. నామాట ఎవరు నమ్ముతారయ్యా? తవ్వటం రానోడు అంటే పడతాను. అబద్ధీకుడు అంటే ఆదివారం చర్చిలో ఎట్ల నిలబడేది?"

నేను లేదనేవాణ్ణా? దారి పొడుగునా అదే ఆలోచించాను. అనేవాణ్ణే. ఈ మధ్యాహ్నం అయితే తప్పకుండా అనేవాణ్ణి.

సెప్టెంబరు 24, ఉదయం, మార్కాపురం

నాయనకు అంతా చెప్పాను. తిట్టలేదు. "కంట్రాక్టు పోతాదిరా," అన్నాడు. పోతుంది అన్నాను. "నీమాట వాళ్లు నమ్మాలి గదా. తవ్వినోణ్ణి కాపాడేదానికి కట్టుకథ చెప్తాండావంటారు. ఓవర్‌సీర్ ఒప్పుకుంటాడా?" అన్నాడు.

ఒప్పుకోడు. అక్కడే ఇరుక్కుపోయాను. దేవదానం నాకు చెప్పాడనడానికి అతను, సంతోషమ్మ, నేను తప్ప సాక్షి లేదు. వాళ్ల మాట నమ్మరు. నా మాట కాగితమే కొట్టేస్తుంది. ఏం చేయాలో తోచక ఈ డైరీ తిరగేశాను. మే 16. మాటకు మాట ఉంది, తేదీతో సహా. కట్టడం ఆపించండి అని అతను అన్నది ఉంది. మర్నాడు నేను ఆపకపోయింది కూడా ఉంది.

ఇది ఎవరూ చదవరనుకొని రాసిన పుస్తకం. ఇందులో ఇంజనీరు గారి తెల్ల ప్యాంటు ఉంది. ఓవర్‌సీర్ గారి సైకిలు ఉంది. మూడింట్లో రెండు గట్టివే అని నాకు నేను చెప్పుకున్నదంతా ఉంది. అన్నీ చదువుతారు. ఆఫీసులో నలుగురూ చదివి నవ్వుకుంటారు. ఆ పేజీ ఒక్కటే చించి తీసుకుపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. చించిన పేజీని ఎవరు నమ్ముతారు?

మహాలక్ష్మి చొక్కా ఇస్త్రీ చేసింది. గిద్దలూరు బస్సు తొమ్మిదింటికి. బేస్తవారిపేటలో దేవదానం ఎక్కుతాడు, కబురు పంపాను. చివరి పేజీలో ఖాళీగా ఉన్న చోట నా పేరు రాశాను. ఈ నాలుగు మాటలూ ముగించి, ఆఫీసులో వెతుక్కోనక్కర లేకుండా మే 16 దగ్గర దారపు పోగు పెట్టి పుస్తకం సంచిలో వేసుకుంటున్నాను.